రూప్లి ఊడ్చిన ఇల్లు

బకెట్లో నానేసిన చీర అంచు పట్టి పైకెత్తగానే రూప్లికి తెలిసిపోయింది, రాత్రి మళ్లీ కనబడిందని.

శారదమ్మ తెల్లారకముందే లేచి ఆ చీరను తానే ఒకసారి జాడించి, సబ్బునీళ్లలో అడుగుకంటా తొక్కి, పైన మొగుడి లుంగీలు వేసి పెడుతుంది. పనిమనిషి కంట పడకూడదని ఆమె తిప్పలు. బట్టలుతికే మనిషి కళ్లు కప్పడం అంత తేలికా? మామిడిచిగురు రంగు చీర మీద మరక తుప్పులా పట్టుకుని ఉంది. రూప్లి చీరను బండ మీద పరిచి, ఆ చోట సబ్బు రుద్ది, రెండు బొటనవేళ్లతో నలిపింది. మొహం పక్కకు తిప్పుకోవాలనిపించే వాసన. దసరా పండుగ నుంచీ ఇదే వరస. ఇప్పుడు మిరప కోతలు జోరు మీదున్నాయి. అంటే చలికాలమంతా ఇట్లాగే గడిచిపోయింది.

ముట్లుడిగి ఏళ్లయిన ఆడమనిషికి మళ్లీ ఎర్రబట్ట కనబడితే ఊరుకోకూడదని నర్సు మహిమ మొన్న తండాకు వచ్చి చెప్పింది. అది గర్భసంచి క్యాన్సర్ కావచ్చునని, ముందే చూపించుకుంటే నయమవుతుందని, అసలు ఏ బాధా లేనివాళ్లు కూడా ఒకసారి చూపించుకోవడం మంచిదని చెప్పింది. శుక్రవారం నాడు స్కూల్లో క్యాంపు పెడతారట. భద్రాచలం నుంచి పెద్ద డాక్టరమ్మ వస్తుందట. రూపాయి ఖర్చు లేదట.

తండా ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు.

"క్యాన్సర్ అనే మాట మాకు కొత్తదా సిస్టరూ?" అంది హాతీరాం తల్లి. తండాలో ఆమె నోటికి జడవనివాళ్లు లేరు. "ఆ మాటకే గద మా ఎడ్లు పాయె, మా మేకలు పాయె. సంచులన్నీ ఖమ్మంలనే ఇచ్చి వస్తిమి. ఇంక మీ డాక్టరమ్మ ఏం జూస్తది, ఖాళీ ఇల్లా?"

"సంచి లేనివాళ్ల సంగతి వేరు. ఉన్నవాళ్లన్నా రావాలి కదమ్మా. ఇప్పుడు సర్కారు కార్డు కూడా ఉంది. పెద్ద రోగమైతే హైదరాబాదులో ఆపరేషన్ ఉచితం."

"ఓహో, ఇప్పుడు ఎడ్లు అమ్ముకునే పని గూడ లేదన్నట్టు. కోసేటోళ్లకు ఇంక సుళువే!"

మహిమ పాపం మొహం చిన్నబుచ్చుకుని కరపత్రాలు పంచి వెళ్లిపోయింది. రూప్లి అందరి వెనకా కూర్చుని అంతా వింది. ఆమె కళ్ల ముందు మామిడిచిగురు రంగు చీర తప్ప ఇంకేం లేదు. ఓహో, సంగతిదా, అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఇవ్వాళే ఆ శుక్రవారం. పొద్దు వాలితే డాక్టరమ్మ జీపెక్కి వెళ్లిపోతుంది. అందాకా నోరు మూసుకుంటే చాలు. ఇన్నేళ్లు ఈ ఇంట్లో చాకిరీ చేసింది ఇట్లాంటి రోజు కోసమే.

రూప్లి చీరను జాడించి, పిండి, దండెం మీద లుంగీల వెనక, దారినపోయేవాళ్లకు కనబడకుండా ఆరేసింది. ఆ గుట్టును శారదమ్మ కంటే భద్రంగా ఆమే కాపాడుతోంది. తర్వాత శారదమ్మ మొగుడు వీరబాబు చొక్కాలు అందుకుంది. వాటిని మాత్రం గుండీల వైపు తిప్పి, ఒక్కొక్క గుండీ టప్పున పగిలేదాకా బండకేసి బాదింది.

వీరబాబును ఊరంతా డాక్టరనే పిలుస్తుంది. నిజానికి ఆయన ఆర్ఎంపీ. సత్తుపల్లి వైపు ఎవరి దగ్గరో కాంపౌండరుగా చేసి, ఒక సూట్‌కేసుతో ఈ అడవి అంచు ఊరికి వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తని చేతులు, అంతకంటే మెత్తని మాట. ఎవరినైనా తల్లీ, నాన్నా అనే పిలుస్తాడు. అర్ధరాత్రి పిలిచినా వచ్చి సూది వేస్తాడు. చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. రూప్లికి అన్నిటికంటే మండేది అదే.

అప్పట్లో రూప్లికి ఇరవై నాలుగేళ్లు. నడుము నొప్పి, తెల్లబట్ట. రోజంతా వంగి మిరపకాయ కోసే ఆడదానికి నడుము నొప్పి లేకుండా ఎట్లా ఉంటుంది? వీరబాబు ఆమె కడుపు మీద అక్కడా ఇక్కడా నొక్కి, మొహం దిగులుగా పెట్టి, "తల్లీ, గర్భసంచి చెడిపోయింది. తీయకపోతే క్యాన్సరవుతుంది" అన్నాడు. ఆ మాట అంతకుముందు తండాలో ఎవరూ వినలేదు. రూప్లి మొగుడు గోప్యా ఆ మాటకు ఎలుగుబంటి ఎదురైనట్టు బెదిరిపోయాడు. ఉన్న జత ఎడ్లూ అమ్మేశాడు. వీరబాబే ఆటో మాట్లాడాడు. వీరబాబే ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆపరేషన్ అయ్యాక మంచం పక్కన కూర్చుని, "నా చెల్లెలైనా ఇట్లాగే చేయించేవాడిని" అన్నాడు. అక్కడ ఒక్కొక్క ఆడమనిషికి ఆయనకు వాటా ముడుతుందని తెలిసేసరికి తండాలో సగం ఇళ్లలో ఆ కోత అయిపోయింది.

మరుసటి వానాకాలం రూప్లి ఒక్కగానొక్క కూతురు చలిజ్వరంతో పోయింది. మోకాలి ఎత్తు పిల్ల. కూతురు పోయినందుకు ఎంత ఏడ్చిందో, ఇంకొక బిడ్డను కనే దారి లేనందుకు అంతకంటే ఎక్కువ ఏడ్చింది. గోప్యా ఏడాది ఓపిక పట్టాడు. ఆ తర్వాత పెద్దల ముందు, "నాకు పిల్లలు కావాలె" అని ఒక్కమాట చెప్పి, ఇంకో తండాలో ఇంకొకామెను చేసుకున్నాడు. రూప్లి మొగుణ్ని తిట్టలేదు. కోపాన్ని చిల్లరగా ఖర్చు చేయకుండా అంతా ఒకచోటే పోగేసి పెట్టుకుంది.

ముప్పై దాటాయో లేదో, ఆమె యాభై ఏళ్లదానిలా అయింది. ఎముకల్లో సలుపు. చలికాలంలో కూడా ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు. ఆ బాధకు ఒకసారి సర్కారు దవాఖానాకు పోతే, అక్కడి డాక్టరమ్మ అంతా అడిగి, "అయ్యో, దానికి సంచి తీయడమేంటమ్మా? మాత్రలు వాడితే పోయేది" అంది. రూప్లి అక్కడి నుంచి నేరుగా వీరబాబు ఇంటికి నడిచింది. నడుముకు గడ్డి కోసే కొడవలి ఉంది. తలుపు తట్టింది. శారదమ్మ తలుపు తీసి, ఎగాదిగా చూసి, "పని మనిషి కావాలని చెప్పి పంపాను, నువ్వేనా? గిన్నెలు శుభ్రంగా తోముతావా?" అంది.

రూప్లి ఆమె భుజం మీదుగా లోపలికి చూసింది. ఫ్రిజ్జు కనబడింది. బల్ల మీద టీవీ కనబడింది. శారదమ్మ చేతికి బంగారు గాజులు కనబడ్డాయి. ఒక్క కొడవలి దెబ్బతో కూలేది కాదు ఈ ఇల్లు, అనిపించింది.

"అవ్" అంది.

నీ కడుపు కోయించినోడి ఇంటికే చాకిరికి పోతున్నవా, సిగ్గు లేదా అని తండాలో అడిగినవాళ్లకు ఆమె ఒక్కటే చెప్పేది. "దూరం నుంచి జూస్తే ఎప్పుడు కూలుతదో ఎట్ల ఎరుకైతది?"

అప్పటి నుంచి వీరబాబు చొక్కాలకు గుండీలు నిలవలేదు. ఆయన స్నానానికి నీళ్లు ఒకరోజు చర్మం ఊడేంత వేడిగా, ఒకరోజు పళ్లు కొట్టుకునేంత చల్లగా ఉండేవి. పప్పులో అప్పుడప్పుడూ రాళ్లు తగిలేవి. ఆయన కుర్చీ కింది చెత్త ఎంత ఊడ్చినా కాళ్లకే వచ్చి అంటుకునేది. ఈ పనిమనిషికి పని రాదని ఆయన విసుక్కుంటే, "నమ్మకమైన మనిషి లెండి, దొంగబుద్ధి లేదు" అని శారదమ్మ వెనకేసుకొచ్చేది. వెనకేసుకొస్తూనే, రూప్లికి టీ పోసే గ్లాసు విడిగా కిటికీలో పెట్టేది.

బట్టలయ్యాక రూప్లి చీపురు తీసుకుని ముందు వసారాలోకి వచ్చింది. అదే ఆసుపత్రి. కిటికీ ఊచకు గ్లూకోజు సీసా వేలాడుతోంది. దాని కింద బల్ల మీద ఒక ముసలాయన కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఎదుట స్టూలు మీద తండాలోని దస్రు పెళ్లాం కూర్చుని ఉంది. పెళ్లయి మూడేళ్లు కాలేదు, ఒక పిల్లవాడు. మిరపకాయ కోసి కోసి వేళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తెల్లబట్ట ఎప్పటినుంచి తల్లీ?" అన్నాడు వీరబాబు.

"నెల సంది."

ఆయన ఆమె కడుపు మీద అక్కడా ఇక్కడా నొక్కాడు. మొహం దిగులుగా పెట్టాడు. రూప్లి చీపురు ఆగిపోయింది.

"గర్భసంచి చెడిపోయింది తల్లీ. తీయకపోతే క్యాన్సరవుతుంది. భయపడకు. ఇదివరకటిలా డబ్బులు పెట్టే పని లేదు. కార్డుంది కదా, ఒక్క వేలిముద్ర వేస్తే చాలు. సోమవారం ఆటో పెడతాను."

దస్రు పెళ్లాం తల వంచుకుని చీర కొంగు నలుపుకుంది. వీరబాబు రూప్లి వైపు తిరిగాడు.

"చూస్తావేం? ఊడ్చు. అవునుగానీ, స్కూల్లో ఏదో క్యాంపంట, నువ్వు గానీ పోతున్నావా?"

"నాకేం ఉంది సారూ చూపెట్టుకోను? మీరే తీపిస్తిరి గద."

ఆయన నవ్వబోయి ఆగి, స్టెతస్కోపు సర్దుకున్నాడు. "పోకండి ఎవ్వరూ. పట్నం డాక్టర్లు, కొత్తగా నేర్చుకునేవాళ్లు. మన ఆడవాళ్ల మీద నేర్చుకుంటారు. ఇంట్లో కూడా చెప్పాను, అటువైపు పోవద్దని."

ఎందుకు చెప్పాడో రూప్లికి తెలుసు. డాక్టరమ్మ తండా ఆడవాళ్లను ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, ఎందుకు తీశారు అని అడుగుతుంది. ఆ ప్రశ్నలు ఆయనకు పడవు. దాక్కోవడానికి తన పెళ్లాం ప్రాణాన్నే అడ్డం పెట్టుకుంటున్నానని మాత్రం ఆయనకు తెలియదు. రూప్లి తల వంచి, నోట్లో నవ్వు బిగపట్టి, దుమ్మంతా ఆయన కాళ్ల వైపు తోసింది.

మధ్యాహ్నం వీరబాబు పక్క గూడెంలో ఎవరికో సూది వేయాలని బండి మీద వెళ్లాడు. ఇంట్లో ఇద్దరే మిగిలారు. రూప్లి పెరటి అరుగు మీద కూర్చుని అన్నం తింటోంది. శారదమ్మ గోడ పట్టుకుని వచ్చి గడపలో కూలబడింది. దసరాకు ముందు నిండుకుండలా ఉండే మనిషి. ఇప్పుడు గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పెదవులు సున్నం పూసినట్టున్నాయి.

"రూప్లీ, నిన్నొకటి అడుగుతానే. ఎవరికీ చెప్పవుగా?"

"చెప్పనమ్మా."

"నాకు... మళ్లీ కనబడుతోందే. ఆగడం లేదు. ఆయన్నడిగితే వేడి అంటాడు. మజ్జిగ తాగమంటాడు. ఆయనకు తెలియదంటావా?"

రూప్లి ముద్ద మింగింది. దండెం మీద లుంగీల నీడ పొట్టిదై, మళ్లీ సాగడం మొదలుపెట్టింది. ఇంకొద్దిసేపే.

"వేడేనమ్మా. ఎండలు ముదురుతున్నయి గద."

శారదమ్మ మొహం తేటపడింది. అంత చిన్న మాటకే ఆమెకు ఎంతో బరువు దిగినట్టయింది. ద్వారబంధానికి తల ఆనించి, ఎప్పుడూ లేనంత చనువుగా మాట్లాడింది.

"అంతే అంటావా? అయినా నీదే అదృష్టమే రూప్లీ. నీకు ఆ రోజే తీయించేశాడు, ఇంక ఏ గొడవా లేదు. తండావాళ్లందరికీ దగ్గరుండి చేయించాడు. ఇంట్లోదాన్ని, నేనే లోకువ. నీ ప్రాణం కాపాడిన మనిషికి నా బాధ పట్టదు చూడు."

రూప్లి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏమన్నవమ్మా?"

"నిజమేగా. నీ ప్రాణం కాపాడాడు కాదూ?"

రూప్లి ముద్దను కంచంలో పెట్టేసింది. ఇన్నేళ్లు పోగేసుకున్నదంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. ఆపుకుందామని చూసింది. దాని బలం ముందు ఆమె బలం చాలలేదు.

"నా పాణమా? నాకు ఏ రోగం లేకుండెనమ్మా. మాత్రలిస్తే పోయేదానికి సంచి కోపిచ్చిండు నీ మొగడు. ఆటోకు ఆటో నింపుక పోయిండు. మా ఎడ్లు అమ్మిన పైసలల్ల ఆయన వాటా ఆయనకు ముట్టింది. నా బిడ్డ సచ్చిపాయె. ఇంకో బిడ్డను కనకుండ చేసిండు. క్యాన్సర్, క్యాన్సర్ అని మమ్ముల బెదిరిచ్చి బెదిరిచ్చి, ఆ మాట ఉత్తదే అని ఆయనకే నమ్మకం కుదిరింది. అందుకే నీకు నిజంగ వచ్చినా మజ్జిగ తాగమంటుండు."

"నోర్ముయ్!"

"మూసుకునే ఉన్ననమ్మా, దసరా సంది. నీ చీరలు ఉతుక్కుంట మూసుకునే ఉన్న. నన్ను తీస్కపోతే ఆయనకు పైసలొచ్చినయి. నిన్ను తీస్కపోతే ఎవరిస్తరు?"

అనేటప్పుడు రూప్లి పెదవుల మీద నవ్వుంది. కొడవలితో చేయలేని పని మాటతో చేసినట్టు ఒళ్లు తేలికైంది. శారదమ్మ తన చేతుల వైపు, మోచేతి దాకా జారిన గాజుల వైపు చూసుకుంది.

"దసరా నుంచి నీకు తెలుసా?"

"అవ్."

"తెలిసీ చెప్పలేదా?"

"ఎందుకు చెప్పాలె?"

శారదమ్మ తల ఊపింది. "నిజమేలే. ఎందుకు చెప్పాలి?" అంది. ద్వారబంధం పట్టుకుని లేచింది. జుట్టు ముడి వేసుకుంది. "ఆ క్యాంపు ఎక్కడే?"

రూప్లి ఉలిక్కిపడింది. ఎంత పని చేసింది! పొద్దు వాలేదాకా ఓర్చుకోలేక, చేతికి చిక్కినదాన్ని తన నోటితోనే జారవిడిచింది. క్యాంపు ఎత్తేసిండ్రమ్మా, పోయిండ్రు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఇంకో ఆలోచన తట్టింది. ఈమె ఇంట్లో గుట్టుగా చస్తే వీరబాబు డాక్టరుకు ఊరంతా వచ్చి ఓదార్పు చెబుతుంది. ఈమెను నలుగురిలోకి తీసుకుపోతే?

"స్కూల్లమ్మా. నడువు, నేను తీస్కపోత."

దొడ్డిదారిన వెళ్లారు. నాలుగడుగులు వేసేసరికి శారదమ్మకు కళ్లు తిరిగాయి. చేయి చాచి రూప్లి భుజం పట్టుకుంది. ఇన్నేళ్లలో ఆమె రూప్లిని ముట్టుకోవడం అదే మొదలు. రూప్లి ఆ చేతిని విదిలించుకోలేదు. అట్లాగని పట్టుకోనూ లేదు. గోడ నడిచినట్టు నడిచింది.

స్కూలు వరండాలో తాడు కట్టి ఆకుపచ్చ గుడ్డ వేలాడదీశారు. దాని వెనక బల్ల, డాక్టరమ్మ. ఇవతల మహిమ ఒక్కతే ఈగలు తోలుకుంటూ కూర్చుంది. తండా ఆడవాళ్లు మిరప చేల నుంచి వచ్చి, వేపచెట్టు నీడన గుంపుగా కూర్చుని ఉన్నారు. చూపించుకోవడానికి కాదు, తమాషా చూడటానికి. దస్రు పెళ్లాం కూడా వాళ్లలోనే ఉంది. వీరబాబు డాక్టరు పెళ్లాం రూప్లి భుజం పట్టుకుని గేటులోకి రాగానే అందరి తలలూ అటు తిరిగాయి.

శారదమ్మ గుడ్డ వెనక్కి వెళ్లింది. కాసేపటికి డాక్టరమ్మ గొంతు వినబడింది. నెమ్మదిగా మొదలై, ఒక్కొక్క ప్రశ్నకూ పెరిగింది.

"ఎప్పటి నుంచి అన్నారు? దసరా నుంచా? అంటే ఆరు నెలలు! ఎవరికీ చూపించలేదా?"

"మా ఆయనకు చెప్పానండి."

"ఆయనకు చెబితే ఏం లాభం? డాక్టరుకు కదా చూపించాలి!"

"మా ఆయన డాక్టరేనండి. వీరబాబు డాక్టరు."

వేపచెట్టు కింద హాతీరాం తల్లి ముక్కులోంచి ఒక శబ్దం చేసింది. అది నవ్వని పక్కామెకు అర్థమైంది. ఆ పక్కామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతే, కడుపుల మీద అదే కోత మోస్తున్న ఆడవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. మహిమ లేచి చేతులు ఊపినా ఆగలేదు. రూప్లి స్తంభానికి ఆనుకుని ఆ నవ్వును దాహంతో ఉన్న మనిషి నీళ్లు తాగినట్టు తాగింది.

ఎవరు చెప్పారో, వీరబాబు బండి వేసుకుని దూసుకొచ్చాడు. నవ్వు చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు. గుండీ లేని చొక్కా ఎడంచేత్తో దగ్గరికి పట్టుకుని వరండా దాకా వచ్చాడు.

"శారదా! పద ఇంటికి."

ఆయన రూప్లిని చూశాడు.

"నువ్వేనా తీసుకొచ్చింది?"

"అవ్ సారూ."

"ఎవరు తెమ్మన్నారే నిన్ను?"

రూప్లి మొదటిసారి ఆయన కళ్లలోకి చూసింది. వేపచెట్టు కిందికి వినబడేలా, ఆయన మాట్లాడే అంత మెత్తగా చెప్పింది.

"చూపెట్టుకోకపోతే క్యాన్సరయితది గద సారూ. నా చెల్లెలైనా గిట్లనే తీస్కొస్త."

అప్పుడే డాక్టరమ్మ చేతి తొడుగులు తీస్తూ బయటికి వచ్చింది. మహిమతో ఏదో లోగొంతుకతో చెప్పింది. ఆ మాటలు ఎవరికీ వినబడలేదు. మహిమ మొహం మాత్రం అందరికీ కనబడింది. డాక్టరమ్మ వీరబాబును నిలువునా చూసి, "మీరేనా డాక్టరు?" అని అడిగింది. ఆయన బండి ఎక్కడ పెట్టాడో మరచిపోయినవాడిలా చుట్టూ చూసి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

హాతీరాం తల్లి లేచి కుచ్చిళ్లు దులుపుకుంది.

"లెవ్వుండ్రే. ఆయన పెండ్లామే వచ్చిందంటే, ఆయనకు గంత కోపమొచ్చిందంటే, ఇది ఆయన అమ్ముకునే క్యాన్సర్ కాదు. అసలుది. సంచులున్నోళ్లు పోయి వరుసల నిలవడుండ్రి."

ముందు దస్రు పెళ్లాం లేచింది. లోపలికి వెళ్లి, కొద్దిసేపటికే చిన్న కాగితం పొట్లంతో బయటికి వచ్చింది. "మాత్రలేనంట" అంది, నమ్మలేనట్టు. "వారం రోజులు మింగితే పోతదంట. సంచి మంచిగనే ఉన్నదంట."

రూప్లి ఆ పొట్లం వైపు చూసింది. చూసిచూసి మొహం తిప్పుకుంది.

శారదమ్మ మర్నాడు పొద్దున్నే హైదరాబాదు వెళ్లింది. సత్తుపల్లి నుంచి ఆమె తమ్ముడు జీపు తెచ్చాడు. మొగుణ్ని వెంట రావద్దంది. రూప్లి పనికి వచ్చేసరికి ఆమె వసారాలో స్టీలు పళ్లెం ముందు పెట్టుకుని చింతపండు ఒలుస్తోంది. ఆసుపత్రికి పోతూ చింతపండు ఒలవడమేంటని తమ్ముడు విసుక్కుంటున్నాడు. జీపు హారన్ కొట్టాక ఆమె పళ్లేన్ని గోడ వారగా జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది.

"నాకు నయమవుతుందంటావా రూప్లీ?"

అవునంటే అయిపోయేది. కాదన్నా అయిపోయేది. రూప్లికి రెండూ నోటికి రాలేదు.

"ఎరుకలేదమ్మా."

"అబద్ధం చెప్పలేదు. మంచిదానివే" అని శారదమ్మ జీపెక్కింది.

ఆషాఢంలో మహిమ బస్‌స్టేజీ దగ్గర కనబడి చెప్పింది. శారదమ్మ పోయిందట. ఆపరేషన్‌కు అందే దశ దాటిపోయిందని అక్కడ అన్నారట. రేడియేషన్ కరెంటు పెట్టారట. ఏం లాభం లేకపోయిందట. "ఆ దసరాకే వచ్చి ఉంటే బతికేది" అంది మహిమ. శవాన్ని అటు నుంచి అటే సత్తుపల్లి తీసుకుపోయారట. రూప్లి అవునా అంది. గొడుగు విప్పుకుని పనికి వెళ్లింది. ఆమెకు ఏడుపు రాలేదు. దసరా అన్న మాట మాత్రం ఆ రోజంతా పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

వీరబాబు వసారాలో ఇప్పుడు ఎవరూ ఉండరు. సోమవారాలు ఆటో కదలదు. ఊచకు గ్లూకోజు సీసా ఖాళీగా వేలాడుతుంది. ఆయన గడ్డం పెంచుకుని కుర్చీలో కూర్చుంటాడు. గేటు చప్పుడైతే రోగి అనుకుని తలెత్తుతాడు. చీపురుతో రూప్లి కనబడగానే తల దించుకుంటాడు.

"ఇంకా ఎందుకొస్తున్నావే? మానెయ్యి" అన్నాడొకరోజు.

"ఊడవాలె గద సారూ."

"నాకు పనిమనిషి వద్దు."

"మీకోసం కాదు, నాకోసమే నేనొస్త."

వస్తూనే ఉంది. రోజూ పొద్దున ఆయన కళ్లెదుట నిలబడి, వసారా అంతా మూలమూలలా ఊడుస్తుంది. గోడ వారగా ఉన్న స్టీలు పళ్లేన్ని మాత్రం కదల్చదు. దాని చుట్టూ చీపురు తిప్పి వదిలేస్తుంది. ఆయనా దాన్ని తీయడు. సగం ఒలిచిన చింతపండు వానగాలికి నల్లబడి ముద్దగా కరిగింది. ఒలవని కాయల పెంకులకు బూజు పట్టింది. పక్కన గింజలు కొట్టే చిన్న ఇనుప సుత్తి, దాని కర్రపిడి మీద పులుపు అంటి ఎండిపోయిన నాలుగు వేళ్ల గుర్తులు.